కాళ్లు పట్టేవాళ్లు

పొద్దున్నుంచి ఆటో కోసం తిరిగీ తిరిగీ మిట్టమధ్యాహ్నానికి రాములమ్మ ఇల్లు చేరేసరికి, వాకిట్లో పదిమంది ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని వాతల కోసం వరసగా కూర్చున్నారు. అరుగు మీద వాతలు పెట్టే మొగిలి. అతని ఒళ్లో ఆమె బిడ్డ సుమన. మూడేళ్ల పిల్ల గౌను పైకెత్తి, పొట్ట మీద తాను ఎప్పుడో పెట్టిన మూడు వాతల్ని వేలితో చూపిస్తున్నాడు.

"చూడుండ్రి. కడుపుల గింత బల్లగడ్డ ఉండె. నా వాతలకు ఎట్ల కరిగిందో."

పక్కన విస్తట్లో నమిలి పడేసిన కోడి ఎముకలు. రెండు నెలలుగా ఆ పిల్ల జావ తాగినా కక్కుతోంది. ఈ పెద్దమనిషికి మాత్రం ఇంట్లో ఉన్న ఒక్క కోడినీ కోసిపెట్టారు.

గడ్డ కరిగిన మాట నిజమే. కరిగించింది హైదరాబాదు దవాఖాన. అది బల్ల కాదని, నరాల్లో పుట్టే క్యాన్సరని, చిన్నపిల్లలకే వస్తుందని అక్కడి డాక్టరమ్మ కాగితం మీద పొట్ట బొమ్మ గీసి మరీ చెప్పింది.

"గడ్డ పెద్ద రక్తనాళాన్ని చుట్టుకున్నదమ్మా. ఇప్పుడే కోయలేం. ముందుగాల నాలుగుసార్లు మందు ఎక్కించి చిన్నగ చేస్తం. తర్వాత ఆపరేషన్. ఇంకా మిగిలితే మళ్ల మందు, రేడియేషన్ కరెంటు. నడుమల ఆపితే మాత్రం మళ్ల పెరుగుతది. అప్పుడు మా చేతుల ఉండదు."

మూడుసార్లు అయింది. నాలుగోది ఎల్లుండి. మందుల ఖర్చు సర్కారు కార్డు మీదే నడుస్తోంది, పోయి రావడమే వీళ్ల వంతు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. ఇంట్లోవాళ్లకు ఆ వంక చాలింది. నెల్లికుదురు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్న సమ్మెవాళ్లే "దవాఖానకంటే మేమెందుకు ఆపుతమక్కా" అన్నారు. ఆటో మహేందర్ రేపు పొద్దున వస్తానన్నాడు. తొవ్వకు అడ్డం పడ్డది సమ్మె కాదు, అత్త పెంటమ్మ.

"కరిగినంక మల్ల కోసుడేంది? దాని నెత్తి చూడు, ఒక్క ఎంటిక లేకపాయె. మొగిలన్న ఇంకొక్క వాత పెడితే వేరుతోని పోతదంటుండు."

రాములమ్మ తన మొగుడు శ్రీశైలం వైపు చూసింది. సమ్మె టెంటులో రోజూ హక్కుల గురించి గొంతు చించుకునేవాడే. తల్లి ముందు మాత్రం నోరు పెగలదు. ఛీ, ఏం మగతనమో.

"సమ్మె అయినంక చూద్దాం తియ్యి," అన్నాడు నేల చూస్తూ.

మొగిలి పసుపుకొమ్మును నిప్పుల్లో పెట్టాడు. "ఎవలన్న పిల్ల కదలకుంట కాళ్లు పట్టుండ్రి."

అందరూ రాములమ్మనే చూశారు. ఎక్కడైనా కాళ్లు పట్టేది తల్లే. ఆమె అరుగెక్కి, అతని ఒళ్లోంచి బిడ్డను లాక్కుని చంకనేసుకుంది.

వరసలో ముందున్న సుమలత తన ఆరునెలల కొడుకును ఎదకు అదుముకుని మెల్లగా అడిగింది. "అక్కా, నిజం చెప్పు. వాతతోనే తగ్గిందా?"

పెంటమ్మ కళ్లురిమి చూసింది. అవునంటే ఇంట్లో పోరు ఉండదు.

"తగ్గలే," అంది రాములమ్మ. "వాతలు పెట్టిచ్చి, తగ్గుతదని నాలుగు నెలలు కూసున్నం. నిమ్మకాయంత గడ్డ బత్తాయంత అయింది. ఆనాడు కాళ్లు పట్టింది నేనే. నా మొకం చూసుకుంట 'అమ్మా' అని ఏడ్సింది. నేను ఇడువలే."

తన చేతులంటే తనకే అసహ్యమేసింది.

"ఇయ్యాల నేను పట్ట. ఎవ్వల పట్టనియ్య. రేపు దవాఖానకు పోతున్న."

సుమలత కొడుకును కొంగులో చుట్టుకుని లేచి నిలబడింది. ఆమె వెనుక ఇంకెవరూ లేవలేదు.

మొగిలి నవ్వాడు. ఇట్లాంటి తల్లుల్ని ఎంతమందిని చూడలేదు. "తల్లి పట్టకుంటే తండ్రి పడతడు. రావయ్య శ్రీశైలం, కొమ్ము సల్లారుతది."

శ్రీశైలం తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. చేతులు పంచెకు తుడుచుకుని రెండడుగులు ముందుకు వేశాడు.

బాపు ఎత్తుకుంటాడనుకుని సుమన రెండు చేతులూ చాచింది.