కమిటీ మెంబరు

కొత్త గ్లౌజులు ఇచ్చారంటే బయటివాళ్ళు వస్తున్నారని అర్థం. ఆ రోజు పొద్దున్నే ఇచ్చారు. నేల రెండుసార్లు కడిగించారు. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తున్న ఆడవాళ్ళను పేరుపేరునా పలకరించుకుంటూ వచ్చి, మేనేజరు హరిప్రసాద్ దానమ్మ బల్ల దగ్గర ఆగాడు.

"ఏవండీ దానమ్మగారూ, భోజనాలయ్యాక ఒకసారి ఆఫీసు రూముకి రావాలండి. మన సరుకు కొనేవాళ్ళు మాట్లాడతారంట. ఆడపిల్లల నుంచి కంప్లైంటేమన్నా వచ్చిందా అనడుగుతారు. ఏమీ లేదండీ అంటే సరిపోద్ది."

దానమ్మ తలూపింది. ఆయన ఏం చెప్పినా తలూపడం ఆమెకు అలవాటు.

కైకలూరు శివార్లలోని ఆ రొయ్యల ఫ్యాక్టరీలో, భోజనాల గది గోడకు ఒక బోర్డు ఉంది. కిందటేడు దానమ్మను నిలబెట్టి ఫోటో తీసి అందులో పెట్టారు. రాత అంతా ఇంగ్లీషు. బైబిలు గడగడా చదివే దానమ్మకు ఇంగ్లీషు రాదు. పాతమనిషినని గౌరవించారనుకుంది. ఇంటికెళ్ళి చెబితే, కూలి ఏమన్నా పెంచారా అన్నాడు మొగుడు ఎలీయాజరు. ఫోటో తీసిన రోజున నాలుగొందల ఇరవై. ఇవాళా అంతే.

పోయిన వారం ఆ బోర్డును బ్లెస్సీ చదివింది. ఇంటరు పాసై, కొత్తగా పనిలో చేరిన పిల్ల. చేతులు కడుక్కుంటున్న దానమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

"పిన్నిగారండీ, కంప్లైంట్ల కమిటీలో మెంబరు మీరేనంట కదండీ. మీకు చెప్పుకోవచ్చని అక్కడ రాసుందండి."

దానమ్మ తన ఫోటో వైపు మళ్ళీ చూసింది. ఈలోగా బ్లెస్సీ చెప్పడం మొదలుపెట్టింది. ట్రేలు పట్టుకుని కోల్డ్ రూములోకి వెళ్ళినప్పుడల్లా సూపర్‌వైజరు క్రాంతి కుమార్ వెనకాలే వచ్చి తలుపు వేస్తున్నాడు. మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత కోటు గుండీలు లాగాడు. అరిచినా బయటికి వినపడని గది అది.

దానమ్మ ఆ సాయంత్రమే హరిప్రసాద్‌కు చెప్పింది. అతను అంతా విన్నాడు, చూస్తానన్నాడు. మర్నాడు బ్లెస్సీని తలల కుప్పలు ఎత్తే పనిలోకి మార్చారు. క్రాంతి కుమార్ ఉన్నచోటే ఉన్నాడు.

సంగతి వ్యానులో పాకింది. కలిదిండి ఆడవాళ్ళంతా ఒకే మేస్త్రీ వ్యానులో పనికి వస్తారు. ఆ మధ్య ముదినేపల్లి వ్యానులో ఒకామె ఓవర్‌టైము డబ్బులడిగింది. కంపెనీ ఆమెను ఒక్క మాటా అనలేదు. ఆ వ్యానునే రావద్దంది.

"ఏవమ్మా మెంబరు గారూ, నీ ఫోటో కోసం మేవందరం ఇళ్ళల్లో కూకోవాలా?" అంది వ్యానులో వెనక సీటు నుంచి నాగమల్లేశ్వరి.

కొందరు నవ్వారు. అదే వ్యానులో వచ్చే దానమ్మ కోడలు ఏంజెల్ నవ్వలేదు. అత్త వైపూ చూడలేదు.

ఇవాళ భోజనాల దగ్గర దానమ్మ క్యారేజీ విప్పలేదు. బ్లెస్సీ వచ్చి పక్కన కూర్చుంది.

"రేపట్నుంచి మానేస్తానండి. నా గురించి మీరు మాట పడకండి," అంది.

దానమ్మ లేచి ఆఫీసు గదికి వెళ్ళింది.

సరుకు కొనేవాళ్ళ తరఫున హైదరాబాదు నుంచి వచ్చినామె విజయదుర్గనని చెప్పి, కుర్చీ చూపించింది. ఆమె పక్కనే హరిప్రసాద్ కూర్చున్నాడు. టీ గ్లాసు దానమ్మ ముందుకు జరిపాడు.

"ఈ కమిటీలో మీరు సభ్యులు కదండీ. ఈ ఏడాది ఎవరైనా మీ దగ్గరకు ఫిర్యాదు తెచ్చారా?" అని విజయదుర్గ అడిగింది.

ఏమీ లేదండీ. రెండు మాటలు. దానమ్మ నోరు తెరిచింది. వ్యాను గుర్తొచ్చింది, ఏంజెల్ గుర్తొచ్చింది. గాజు కిటికీ అవతల ఆడవాళ్ళు బల్లల దగ్గరకు తిరిగి వెళ్తున్నారు. బ్లెస్సీ తలల బుట్ట ఎత్తుకుంటోంది.

"ఈయన్ని బయటికెళ్ళమనండి," అంది దానమ్మ.

హరిప్రసాద్ నవ్వాడు. "అదేంటండీ దానమ్మగారూ, మన మధ్య దాపరికాలేంటండీ."

"మీరుంటే నేను చెప్పనండి."

విజయదుర్గ పెన్ను మూత పెట్టి హరిప్రసాద్ వైపు తిరిగింది. అతను లేవలేదు, నవ్వూ ఆపలేదు. కిటికీ అవతల నడుస్తున్న నాగమల్లేశ్వరి ఆగి లోపలికి చూసింది. ఆమె వెనక ఏంజెల్ ఆగింది. దానమ్మ తలుపు వైపు చెయ్యి చాచింది. ఐసుకు నాని పాలిపోయిన ఆ చేతిని ఆమె దించలేదు.