అత్తిపత్తి మీద అడుగులు

చర్చి గంటను మగ్దలేనా నది మింగేసిన వరద ఏడాది అది. ఆ వరదలోనే ఎలుతేరియో కూతురు దియోసెలీనా కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. పిల్ల పడుకునే చిన్న గుడ్డ ఊయలను అతను చుట్టి చూరులో దోపాడు.

నీళ్లు తీశాక ఏటి నుంచి గుమ్మం దాకా, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి అల్లుకుంది. అతని భార్య నికొలాసాకు కాళ్లు పడిపోయాయి. గుమ్మానికి ఎదురుగా తన పెద్ద ఊయలలో పడుకుని ఏటివైపే చూసేది. తిండి ముట్టేది కాదు.

ఒకనాటి ఉదయం ఉడుమొకటి ఏటి నుంచి పైకి పాకింది. అది పోయిన బారునా ఆకులు ముడుచుకున్నాయి.

"చూడయ్యా, పిల్ల వచ్చింది!" అంది నికొలాసా. ఆ పూట ఉడికిన కర్రపెండలం తింది.

మర్నాటి నుంచి ఆమె నిద్ర లేవకముందే ఎలుతేరియో ఈనెపుల్ల పట్టుకుని వెళ్లేవాడు. తను పక్కన ఇసుకలో నడుస్తూ, చిన్నపిల్ల అంగకొకచోట ఆకుల్ని తాకేవాడు. తాకినచోట కాడ మొదట్లో నీరు దిగి ఆకు వాలిపోయేది. కాసేపటికి మళ్లీ విచ్చుకునేది. ఆలోపు నికొలాసా చూసేది, తినేది.

పొరుగింటి ఎర్మెలిండా ఒకసారి పట్టేసింది.

"ఏం అన్నయ్యా, ఆకులకి చక్కిలిగిలి పెడుతున్నావా?"

"నీ పని చూసుకో."

"మేక నోట పడకుండా చచ్చినట్టు పడుండే మొక్క అది. దాంతో పోయినవాళ్లని నడిపించకు. నిజంగానే వస్తారు."

"నికొలాసా తింటోందిగా," అన్నాడు.

వానల ముందు అతనికి జ్వరం తగిలింది. తెల్లారినా మంచం దిగలేకపోయాడు. ఈ పూట నికొలాసా పస్తే అనుకుంటుండగా గిన్నెలో చెంచా చప్పుడైంది.

"ఏం తింటున్నావే?"

"చేప పులుసు. ఎర్మెలిండా పెరటి గుమ్మంలోంచి ఇచ్చిపోయింది. పిల్ల కూడా వచ్చిందిగా."

గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. గాలి లేదు. ఏటి నుంచి చిన్న చిన్న అంగల్లో ఆకులు వాలి ఉన్నాయి. ఆ అడుగులు జామచెట్టు దాకా పోయి, చుట్టూ తిరిగి, మళ్లీ ఇటే వచ్చాయి.

"ఉడుమై ఉంటుందిలే."

"నీ పుల్ల వేసే అడుగులు తిన్నగా ఉంటాయయ్యా. మన పిల్ల ఎప్పుడన్నా తిన్నగా నడిచిందా?"

"తెలిసీ ఎందుకు తిన్నావే?"

"పొద్దున్నే నువ్వు పడే పాట్లు చూడలేక."

అతను చూస్తుండగానే గడప ముందరి ఆకు వాలిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ పుల్లని పొయ్యిలో పెట్టి కర్రపెండలం ఉడికించాడు. తర్వాత చూరులోంచి చిన్న ఊయల దించి, దుమ్ము దులిపి, పాత కొక్కేలకే కట్టాడు.