తాళం తీసిన బీరువా

ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంటుంది. అయినా "ఉప్పేదీ?" అని మా ఆయన కేకేస్తే వంటింట్లోంచి నేను పరుగెత్తుకు రావాలి. మా ఇంట్లో ఆయన అడగడమంటే ఆజ్ఞ, నేను అడగడమంటే అర్జీ. కాపురానికి వచ్చిన కొత్తలో నేను మొహమాటపడి అర్ధాకలితో లేస్తుంటే, "అడగందే అమ్మైనా పెట్టదు, అత్తనెక్కడ పెడతానమ్మా?" అని మా అత్తగారు నవ్వేవారు. ఇరవై రెండేళ్లలో ఆ సామెత నాకెంతగా వంటబట్టిందంటే, దాన్నే తీసుకెళ్లి బడిలో పదో తరగతి పిల్లల నెత్తిన పెట్టాను.

నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈ ఏడు మా బడికి రెండు పెద్ద అట్టపెట్టెలు వచ్చాయి. ఎప్పుడో ఇక్కడే చదువుకుని, ఇప్పుడు స్టేషనరీ షాపు నడుపుకుంటున్న ఒకావిడ పంపింది. నలభై జామెట్రీ బాక్సులు, గ్రాఫు పుస్తకాలు, పెన్నులు, పెన్సిళ్లు. ఫొటో వద్దంది, బ్యానరు వద్దంది. ఆవిడ మీద ఎంత గౌరవం కలిగిందంటే, ఆ వస్తువుల మీద ఈగ వాలనివ్వకూడదనుకున్నాను. అన్నీ బీరువాలో సర్ది తాళం వేశాను. "లేనివాళ్లు వచ్చి అడగండి, ఇస్తాను" అన్నాను. ఒక్కరూ రాలేదు. అందరికీ ఉన్నాయి కాబోలని సంతోషించాను కూడా. నా తెలివి అలా తెల్లారింది.

క్లాసులో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల ఒకతె ఉంది. ఎంత లెక్కైనా నోటితో చేసేస్తుంది. పబ్లిక్ పరీక్షల్లో మంచి మార్కులు రాకపోతే ఇంట్లో చదువు మాన్పిస్తారని దానికీ తెలుసు, నాకూ తెలుసు. అలాంటిది, క్లాసు పరీక్షలో నాలుగు సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయమంటే మూడుతో గీసింది. మార్కులు కొట్టేసి, "దిక్కులు చూస్తూ రాశావా?" అని అందరి ముందూ కేకలేశాను. తల వంచుకుని కాగితం తీసుకెళ్లింది.

మధ్యాహ్నం బల్లలు తుడుస్తూ మా ఆయా అంది: "దాన్ని తిట్టకండి మేడమ్. చేతి గాజు తీసి, కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకుంది. గాజెంతుంటే అంతే కదా వచ్చేది!"

పిచ్చుకను పిలిచాను. "ఇంట్లో బాక్సు లేదా?"

"ఒకటుంది టీచర్. తమ్ముడికిచ్చారు."

"మరి నన్నడగొచ్చు కదే!"

"అడిగితే ఎందుకు లేదో చెప్పాలి కదా టీచర్. అందరి ముందూ."

బోర్డు వైపు తిరిగాను. ఆరు నెలలుగా బోర్డు మీద నేను రాసింది నాకే అలుక్కుపోయి కనిపిస్తోంది. కళ్లద్దాలు మార్చుకోవాలి. జీతం నాదే, కార్డు మాత్రం ఆయన పర్సులో ఉంటుంది. అడిగితే "ఇప్పుడంత తొందరేమొచ్చింది?" అంటారు. దానికి జవాబు చెప్పుకునే ఓపిక లేక, పేపర్లు ముక్కు దగ్గర పెట్టుకుని దిద్దుతున్నాను. ఇన్నేళ్లుగా నాకు మాటల్లో దొరకనిదాన్ని పదిహేనేళ్ల పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. పైగా నాలా ఊరుకోలేదు, గాజుతోనైనా గీసింది. ఆ తెగువకు దండం పెట్టాలనిపించింది.

ఆ రోజే తాళం తీసేశాను. ఎవరికేం కావాలన్నా తీసుకోండి, పనయ్యాక పెట్టేయండి, నాకు చెప్పక్కర్లేదు అన్నాను. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందమ్మా" అని హెడ్మాస్టరు గారు గొణిగారు. నెల గడిచింది. ఒక్క బాక్సు పోలేదు. పొద్దున్నే వెళ్లి చూస్తే పెన్సిళ్లన్నీ చెక్కి ఉండేవి. బిగుసుకుపోయిన కంపాసుకు ఎవరో నూనె రాశారు. చిరిగిన గ్రాఫు పుస్తకానికి ఎవరో అట్ట వేశారు. ఎవరని నేనూ అడగలేదు. ఇలాంటి పిల్లల దగ్గరా నేను తాళం పెట్టుకుని కూర్చున్నది!

మళ్లీ పెట్టిన పరీక్షలో పిచ్చుక వృత్తం వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. నూటికి తొంభై ఎనిమిది. ఆ అంకె సరిగ్గా వేశానో లేదో చూసుకోవడానికి కాగితాన్ని కళ్లకు ఆనించుకోవాల్సి వచ్చింది. నామీద నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున ఆయన పర్సులోంచి నా కార్డు తీసుకున్నాను. రెండు రోజుల తర్వాత కొత్త కళ్లద్దాలతో ఇంటికి వెళ్లాను.

"ఇదేంటి, నన్నొక్క మాట అడగలేదే!" అన్నారాయన.

"అడగలేదండీ, చేయించుకున్నాను."

ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. ఇంత స్పష్టంగా చూస్తే, ఉన్నది కంగారు.