వస్తాంటాది

మా నాయనకు బేతంచెర్లలో బెల్లం, చింతపండు అంగడి. అంగట్లో కూర్చోరా అంటే వినకుండా నేను టీకాల ఉద్యోగంలో చేరాను. ఊళ్లలో నాగసుబ్బయ్య అంటే ఎవరికీ తెలియదు, టీకాల శెట్టి అంటేనే తెలుసు. నన్ను చూస్తే పిల్లలు గడ్డివాముల వెనక దాక్కునేవారు. తల్లులు "మొన్ననే యేసిపోయినారే" అని అబద్ధమాడేవారు. జబ్బ చూపించమంటే దొరికిపోయేవారు. అలా పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. అంతటి గడుసువాణ్ని ఒక్క మాట దగ్గర చెవిటివాణ్నయ్యాను. కాలేదు, అయినట్టు నటించాను.

అది యాభై ఆరో సంవత్సరం ఎండాకాలం. పక్క తాలూకాలో అమ్మవారు పోసిందని, ఒక్క బిడ్డను కూడా వదలొద్దని ఉత్తర్వు వచ్చింది. మా సీమలో మశూచిని అమ్మవారనే అంటాం. ఒళ్లు తెలియకుండా కొట్టుకునేవాళ్లను చూసినా అమ్మవారొచ్చిందనే అంటాం.

నాపరాళ్ల గనుల పక్కన ఉన్న ఊరది. చివరి ఇల్లు తిమ్మయ్య అనే రైతుది. అతను చేనికి పోయాడు. భార్య తిరుపతమ్మ చంకలో ఏడాది పిల్లతో గడపకు అడ్డంగా నిలబడింది. ఆ పిల్లకు టీకా వేశాను.

"లోపల ఇంకెవరున్నారమ్మా?"

"పెద్దబిడ్డ, ఉరుకుందమ్మ. ఆరేండ్లు. పండుకోనుండాది."

"లేపు మరి."

"దానికొద్దన్నా," అంది గొంతు తగ్గించి. "దానికి అమ్మవారొస్తాంటాది."

నా చేతిలో కలం ఆగింది. మశూచి మనిషికి ఒక్కసారే వస్తుంది. అది 'వచ్చింది' అంటారు గానీ 'వస్తాంటాది' అనరు. మళ్లీ మళ్లీ వచ్చేది మూర్ఛ. తెలుగు తెలిసిన ఎవరికైనా ఆ తేడా వినబడుతుంది. నాకూ వినబడింది.

కిందటేడు ఇంకో ఊళ్లో మూర్ఛ ఉన్న పిల్లకు టీకా వేశాను. వారానికి జ్వరమొచ్చింది, జ్వరంలో మూర్ఛ వచ్చింది. పిల్ల తేరుకుంది, నేను తేరుకోలేదు. మళ్లీ కనబడితే కాళ్లు విరగ్గొడతామని ఊరివాళ్లు నా సంచి గుంజుకుని పొలిమేర దాటించారు. సంగతి విని తాలూకా ఆసుపత్రి డాక్టరుగారు, "అట్లాంటి బిడ్డకు ఎప్పుడు యేయాల్నో తేల్చేది నువ్వు గాదప్పా. నా దగ్గరికి పంపియ్యి, చూసి నేనే యేస్తా. వదిలేసినావంటే మాత్రం అమ్మవారి నోట్లో పెట్టినట్టే," అన్నారు.

పంపాలంటే తిమ్మయ్య వచ్చేదాకా కూర్చోవాలి, ఒప్పించాలి, బండి కట్టించాలి. ఎండ నెత్తి మాడుస్తోంది. అంతకంటే భయం ఎక్కువగా ఉంది. లోపలికి పోయి దుప్పటి తొలగించి మొహం చూస్తే చాలు, ఒక్క మచ్చయినా లేదని తేలిపోయేది. చూడలేదు.

"సరేలేమ్మా, వచ్చింది కదా," అన్నాను. రిజిస్టరులో 'ఉరుకుందమ్మ, ఆరేండ్లు. పూర్వం అమ్మవారు వచ్చినది. టీకా అక్కరలేదు' అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఆఫీసులో పేరు.

నెల తిరగకముందే ఆ ఊళ్లో అమ్మవారు పోసింది. ఉరుకుందమ్మ తొమ్మిదో రోజు చచ్చిపోయింది.

మిగిలినవాళ్లకు వేయడానికి మళ్లీ నన్నే పంపారు. తిరుపతమ్మ అదే గడపలో కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"తప్పు నాదేనన్నా," అంది. "మూర్ఛ అని చెప్పనీకి నోరు రాలేదు. ఆడబిడ్డ, రేపు పెండ్లి కావాల్సింది, పేరు పడతాదని బయపడినా. అమ్మవారనేసరికి నువ్వు పోసే అమ్మవారనుకున్నావు. సరిగ్గా చెప్పింటే నా బిడ్డ బతికుండేది గదన్నా?"

నాకు ఆ పొద్దే అర్థమైందమ్మా అని ఒక్క మాట అంటే చాలు, ఆమె నెత్తిమీది బరువు దిగిపోయేది. నోటిదాకా వచ్చింది. తిమ్మయ్య, అతని అన్నదమ్ములు నా వెనకే నిలబడి ఉన్నారు. నా కాళ్లు నాకు గుర్తొచ్చాయి.

"అవునమ్మా," అన్నాను. "సరిగ్గా చెప్పాల్సింది."

తిరుపతమ్మ తలూపింది. ఆ తలూపడం నేను చచ్చేదాకా మర్చిపోను. తర్వాత చిన్నపిల్లను దగ్గరికి లాక్కుని, చొక్కా చేయి పైకి జరిపి జబ్బ చూపించింది. టీకా బాగా పొక్కి మానిన మచ్చలున్నాయి.

"ఇదన్నా నీవల్ల మిగిలినాది," అని రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

నేను ఆ దండం తీసుకున్నాను.