దొరస్వామి పార్కుకు దీపం ఎవరు పెట్టాలి

కౌన్సిలర్ దొరస్వామి పేరెత్తితే చాలు, అమ్మణి ఇంతెత్తున లేచేది. అలాంటిది సముద్రాల అవతల దీవుల దేశంలోని బా పట్నం నడిబొడ్డున ఆయన పేర పార్కు కడితే ఊరుకుంటుందా? ఆ పార్కున్న చోట ఒకప్పుడు చెక్క అంగళ్ళ వరస ఉండేది. అందులో అమ్మణిది టీ, రోటీల అంగడి. ఆ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు వరసంతా కాలి బూడిదైంది. బూడిద చల్లారకముందే దొరస్వామి ప్లాను పట్టుకొచ్చాడు: కొత్త మార్కెట్టు, వెడల్పు రోడ్డు, మధ్యన పచ్చిక. నిప్పు లేనిదే పొగ రాదుగా! విచారణ చెయ్యమని అమ్మణి కౌన్సిల్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది.

అప్పుడొకనాడు దొరస్వామే యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట పట్టుకొచ్చి ఆమె గడప ముందు మోకరిల్లాడు. ఆ దేశంలో తప్పు మన్నించమని అడిగేవాళ్ళు తెచ్చేది ఆ కట్టే. అందుకుంటే ఇక జన్మలో ఆ మాటెత్తకూడదు. ‘దొరికాడు దొంగ!’ అనుకుని అమ్మణి ధడాలున తలుపేసింది. కొత్త మార్కెట్లో ఇస్తానన్న అంగడీ వద్దంది. అప్పట్నుంచీ బస్టాండులో బుట్ట పెట్టుకుని బజియాలమ్ముతూ, కొన్నవాళ్ళకల్లా ఆ కథ చెప్పింది.

ఇప్పుడు దొరస్వామి పోయి ఏడాది. రేపు పార్కు తెరుస్తారనగా ఆయన భార్య కామిని అలాంటి కట్టే పట్టుకుని వచ్చింది. అమ్మణి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల మొగుడు మున్సామి చాప మీద కూచుని వల బాగుచేసుకుంటున్నాడు.

“దీపం నువ్వే ముట్టించాలి అక్కా,” అంది కామిని.

“ఓహో! నేను దీపం ముట్టిస్తే, మీ ఆయన ముట్టించిన నిప్పు టౌనంతా మర్చిపోతాది. అంతేనా?”

“ఆయన ముట్టించలే.”

“మరి కట్ట కాయికు తెచ్చాడు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!”

కామిని చూపు మున్సామి మీదికి పోయింది. అమ్మణి అది కనిపెట్టింది. “అటేం చూస్తావు? అంగళ్ళు కాలిన సాయంత్రం ఇతను రారవాయి చక్కెర మిల్లులో డ్యూటీలో ఉన్నాడు.”

“లేడక్కా. డ్యూటీ ఎగ్గొట్టి, మీ అంగట్లో స్టవ్వు ముట్టించి నిద్రపోయాడు. మంటల్లోంచి లాగింది మా ఆయనే. నువ్వేమో విచారణ, విచారణ అని తిరిగితివి. తెలిస్తే మిగతా అంగళ్ళోళ్ళు ఇతన్ని బతకనిస్తారా? నువ్వు కట్ట అందుకుంటే ఆ మాట అక్కడికి ఖతం అవుతాదని వచ్చాడు. పోయేముందు నాకు చెప్పాడు. నా వల్ల కాదక్కా, ఆయన పేరు పార్కు బోర్డు మీద, నీ తిట్లు బస్టాండులో.”

‘అబద్ధం’ అందామని అమ్మణి మొగుడి వైపు తిరిగింది. అతను తలెత్తలేదు.

మున్సామి లేచొచ్చి, కామిని చేతిలోని కట్ట తీసుకుని, పెళ్ళాం ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “నేను తేవాల్సింది ఇది. తప్పయింది, అమ్మణీ.”

కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి ఆమెకి. “ఇన్నేళ్ళు నా నోటితో ఆ మనిషిని తిట్టించావు కదయ్యా! పక్కన కూచుని విన్నావు కదయ్యా!”

కట్ట లాక్కుని కామిని చేతిలో పెట్టింది. “నువ్వియ్యి.”

కామిని వంగి ఇచ్చింది. అమ్మణి రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. కట్ట గడప మీద పెట్టి, ఆ దేశపు పద్ధతిలో, మన్నించానన్నట్టు చేతులు గట్టిగా చరిచింది. “రేపొస్తాను,” అంది.

మున్సామి ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు.

“ఇది దొరస్వామిది,” అంది అమ్మణి, అతని వైపు చూడకుండా. “నీ కట్ట నువ్వు తెచ్చుకో. అందుకుంటానో లేదో అప్పుడు చూద్దాం.”