వాడకంలో లోపం

ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఎప్పుడూ పనిచేయదు. రెండు వారాల్లో ఐదోసారి ఆ మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నన్ను నానా మాటలూ అన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ప్రింటర్లు బాగుచేస్తున్నాను. ఒకప్పుడు మూత తీస్తే జబ్బేమిటో కనబడేది. అన్నిటినీ నెట్‌వర్కుకి కలిపాక ఏది ఎందుకు అలుగుతుందో ఎవరికీ తెలియదు.

ఇక్కడి ప్రింటరు మరీ చిత్రం. నా ల్యాప్‌టాప్‌ని నేరుగా తగిలిస్తే బుద్ధిగా పనిచేస్తుంది. నెట్‌వర్కుకి కలిపితే కాసేపు బాగానే ఉండి, ఉన్నట్టుండి మొరాయిస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆపి, మళ్ళీ వేసి, నాలుగు కాగితాలు రాగానే సంచీ సర్దుకున్నాను. మా సర్వీసు ఫారంలో ‘కారణం’ కింద నాలుగు గడులుంటాయి. కారణం దొరక్కపోతే మేమంతా చివరిదాంట్లోనే టిక్కు పెడతాం. ‘వాడకంలో లోపం’. అది పెడితే పైనుంచి ఎవరూ ప్రశ్నలు వేయరు, బతికిపోతాం.

ఫారం మీద ఆఫీసు తరఫున సంతకం పెట్టేది డిస్పాచి గుమాస్తా. నలభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనిది. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. వాళ్ళాయన రెండేళ్ళుగా మంచంలోనే ఉన్నాడు. ఇల్లు ఆఫీసు వెనక వీధిలోనే కాబట్టి మధ్యాహ్నం పరుగున వెళ్ళి అన్నం తినిపించి వస్తుంది. ఇదంతా ఒకసారి మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ తనే చెప్పింది.

ఈసారి మేనేజరు నన్ను తొమ్మిదింబావుకే రమ్మన్నాడు.

“చూడండి, ఎంత చక్కగా పనిచేస్తోందో! ఇంకాసేపట్లో ఆవిడొస్తుంది. రాగానే ఇది చస్తుంది. అదేం చెయ్యో ఏమో!” అన్నాడు. “అందుకే ఆవిణ్ణి ఊరవతల గోడౌనుకి మార్చేస్తున్నా. ఊరికే కాదండోయ్, మీ రిపోర్టులు నాలుగూ జతచేశాను. అన్నిట్లోనూ వాడకంలో లోపమనే రాశారుగా.”

గోడౌనుకి రెండు బస్సులు మారాలి. మంచంలో ఉన్న మనిషికి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారు?

ఆమె రానే వచ్చింది. మేనేజరు తన గదిలోకి వెళ్ళి బదిలీ ఆర్డరు ప్రింటుకి కొట్టాడు. ఆమె సంచీ కుర్చీకి తగిలించి, బల్ల కిందికి వంగి ఏదో స్విచ్చి వేసింది. ప్రింటరు మూగబోయింది.

“చూశారా, చూశారా!” గదిలోంచి మేనేజరు అరిచాడు.

“ఆ స్విచ్చి ఏంటమ్మా?” అనడిగాను.

“హాజరు మెషీను అన్నయ్యా. రాత్రి ఆపేసి పొద్దున నేనే వేస్తా. పోయిన నెల మీరు పెట్టిందేగా!”

నేను పెట్టిందే. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఇంటికి డోరు నంబరున్నట్టు ఒక నంబరుంటుంది. డైరీ తీసి చూసుకున్నాను. హాజరు మెషీనుకి కొత్త నంబరు ఇవ్వాల్సింది పోయి, పై వరుసలో ఉన్న ప్రింటరు నంబరే కొట్టేశాను. ఒకే నంబరుతో రెండిళ్ళుంటే ఉత్తరం దారి తప్పినట్టు, అది వెలిగాక ప్రింటుకి పంపినవి దీనికి చేరడం లేదు. ఆ రోజు అది ఏడో ఆఫీసు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

రెండు నిమిషాల పని. నంబరు మార్చి, టిక్కు పెట్టి, మెట్లు దిగిపోవచ్చు. ఈ ఏడాది నాకు ఇప్పటికే రెండు మెమోలు వచ్చాయి, మూడోదైతే ఇంటికే. మా ఆవిడ రోజూ టిఫిను డబ్బాతోపాటు ‘నోరు మూసుకుని పనిచేసుకోండి’ అన్న మాట కూడా కట్టి ఇస్తుంది.

నంబరు మార్చాను. ప్రింటరు కదిలింది. ఆగిపోయిన వాటిలో మొదటి కాగితం బయటికొచ్చింది.

“సారుదేమో, ఇచ్చొస్తా,” అంటూ ఆమె చెయ్యి చాచింది. నేను గబుక్కున లాక్కున్నాను. అందులో ఆమె పేరుంది.

అది పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళాను. “తప్పు ఆవిడది కాదు సార్. నాది. రెండు మెషీన్లకి ఒకే నంబరిచ్చాను. ఆ నాలుగు టిక్కులూ కారణం తెలీక పెట్టినవి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “మీ కంపెనీకి రాయాల్సొస్తుంది మరి.”

“రాయండి సార్.”

ఆయన బదిలీ ఆర్డరు తీసుకుని వెనక్కి తిప్పి, ఆ ఖాళీ వైపే మా కంపెనీకి ఉత్తరం చిత్తుప్రతి మొదలుపెట్టాడు. కాగితం వృథా చేసే మనిషి కాదు.

ఐదో ఫారం నింపాను. సర్వీసుకొచ్చినవాడి పొరపాటు అనే గడి మా ఫారంలో లేదు. మార్జిన్‌లో చేత్తో రాశాను. పాత నాలుగు టిక్కులూ తప్పని కూడా రాసి, సంతకానికి ఆమె ముందు పెట్టాను. అలవాటుగా కలం తీసింది. నా చెయ్యి అడ్డం పెట్టాను.

“చదివి పెట్టమ్మా.”

చదివింది. ఒకసారి మేనేజరు గదివైపు చూసింది, తర్వాత నావైపు.

“నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమో అనుకున్నా అన్నయ్యా. ఇంట్లో ఆయన గ్లాసు ముట్టుకోవాలన్నా భయమేసేది,” అంది. “నాలుగుసార్లూ సంతకం పెట్టా. రాసింది మీరే కదా అని చదవలేదు.”

ఆమె మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. చదివినంతసేపూ నేను నిలబడే ఉన్నాను.