రత్నవేణి గారి అప్పు చరిత్ర

నేను ఒక క్రెడిట్ కార్డుని. అలా మొహం చిట్లించకండి. నా పేరు వినగానే సంసారాలు కూల్చేవాణ్ని చూసినట్టు చూస్తారు గానీ, నేను కూల్చడానికి నా యజమానురాలికి సంసారమే లేదు. నా కథంతా అక్కడే ఉంది.

నేను పుట్టింది ఏదో ఊళ్లో ఓ చల్లటి గదిలో. నాలాంటివాళ్లు వరసగా యంత్రంలోంచి జారిపడుతుంటే ఒక్కొక్కడి ఒంటిమీదా ఒక్కో పేరు చెక్కేవారు. నా వంతు వచ్చేసరికి యంత్రానికి ఊపిరి చాల్లేదు. గుబ్బల వీర వెంకట సత్య రత్నవేణి అన్న పేరు ఇంతా అంతా పొడుగు కాదు, నామీద ఎలా పడుతుంది చెప్పండి? అన్నవరం దేవుడికి మొక్కుకుంటే పుట్టిన పిల్లల పేర్లు గోదావరి జిల్లాల్లో అంత పొడుగే ఉంటాయి. ముందువన్నీ పొడి అక్షరాలు చేసి, చివర కొంచెం కోసేసి, కవర్లో పెట్టి కాకినాడ పంపించేశారు.

రత్నవేణి గారికి నలభై ఆరేళ్లు. ఓ డయాగ్నస్టిక్ సెంటర్లో పరీక్షలకి రక్తం తీస్తుంది. పొద్దున్న లేస్తే ఊళ్లోవాళ్ల చేతులన్నీ పట్టుకుంటుంది గానీ, ఆవిడ చెయ్యి పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. పెళ్లి కాలేదు. తల్లి పోయింది. చుట్టాలు శుభలేఖ వాట్సాప్‌లో పడేసి ఊరుకుంటారు. ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఆడవాళ్ల హాస్టల్లో కిటికీ పక్క మంచమే ఆవిడ ఇల్లు. పక్క మంచాల మీదకి అమ్మాయిలు వస్తారు, పరీక్షలు రాస్తారు, పెళ్లిళ్లు చేసుకుని పోతారు. వాళ్లకి ఆవిడ ముందు అక్క, తర్వాత ఆంటీ. ఈమధ్య ఒకమ్మాయి అమ్మమ్మగారూ అనబోయి నాలిక్కరుచుకుంది.

ఆవిడకి ఒక్కటే కోరిక. ఓ గది, ఓ వంటిల్లు, లోపల్నుంచి వేసుకోడానికి ఓ గడియ. సర్పవరం వైపు ఓ అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో అలాంటిది దొరికింది కూడాను. తూర్పు వైపు బాల్కనీ. బయానా ఇచ్చి, దాచుకున్నది పోను మిగతాది అప్పు తీసుకుందామని బ్యాంకుకి వెళ్లింది.

అక్కడ మేనేజరు ఉషశ్రీ గారు కంప్యూటర్లో చూసి, సిబిల్ స్కోరు లేదండీ అంది. తక్కువా అనడిగింది ఈవిడ. తక్కువా కాదు ఎక్కువా కాదు, అసలు లేదట. ఎగ్గొట్టినవాళ్లకైనా ఎన్నో కొన్ని మార్కులుంటాయి, ఈవిడకి అవీ లేవు. అప్పు లేకపోతే ఉప్పుగంజి మేలని తల్లి నేర్పిన మాట జవదాటకుండా బతికినందుకు దొరికిన బహుమతి అది. ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదండీ అని ఈవిడ గొప్పగా చెప్పుకుంటే, అదేనండీ చిక్కు అందట ఆవిడ. అప్పు తీర్చగలరని బ్యాంకుకి తెలియాలంటే ముందు అప్పు చెయ్యాలి. మనుషులు పెట్టుకున్న పద్ధతులు ఇలాగే ఏడుస్తాయి. ఆఖరికి ఈవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్టే తాకట్టు పెట్టి, దానిమీద నన్ను పుట్టించారు. నెలనెలా కాస్త వాడి గడువులోగా కడుతుంటే ఏడాదికల్లా చరిత్ర తయారవుతుందన్నారు. అపార్ట్‌మెంటు కట్టినాయన మంచివాడు గనక అప్పటిదాకా ఆగుతానన్నాడు.

ఆవిడ నన్ను హాస్టలుకి తెచ్చి ఏం చేసిందో తెలుసా? బొట్టు పెట్టింది. కుంకుమ బొట్టు, నా నంబర్ల నడిమధ్య. పెట్టి, పట్టుచీర మడతలో దాచేసింది. అప్పుకి వాడకుండా దాచుకుంటే బ్యాంకువాళ్లు మెచ్చుకుంటారనుకుంది పిచ్చితల్లి. నాలుగు నెలలు ఆ చీకట్లో కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాను. ఉషశ్రీ గారు ఫోన్ చేసి, వాడకపోతే చరిత్ర ఎక్కణ్ణించి వస్తుందండీ అని మందలిస్తే గానీ నాకు వెలుతురు లేదు.

మొదటిసారి నన్ను గీకింది కాజాల కొట్లో. గీకేముందు తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. పావుకిలో కాజాలకి కార్డా అమ్మా అని కొట్టువాడు నవ్వితే, ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఆ కాజాలు హాస్టల్లో పిల్లలకి పంచింది. తనకోసం కొనుక్కోవడం ఆవిడకి చేతకాదు.

ఇక అసలు సంగతి. బిల్లు కట్టే గడువు దగ్గరపడ్డాక ఓ సాయంత్రం, భోజనాల వేళ ఆవిడ ఫోన్ మోగింది. ఆ వేళకి గదిలో పిల్లలందరి ఫోన్లూ మోగుతాయి. అమ్మలు, నాన్నలు, మరి చెప్పకూడనివాళ్లు. ఈవిడది ఎప్పుడూ మోగదు. తీస్తే కార్డు ఆఫీసు నుంచి రజిత అనే అమ్మాయి. గడువు ఎల్లుండేనని గుర్తు చేసింది. సరే తల్లీ అని, ఇంకేం మాట్లాడాలో తోచక, అన్నం తిన్నావా అనడిగింది ఈవిడ. ఆ ఉద్యోగంలో ఆ పిల్లని తిట్టినవాళ్లే గానీ తిన్నావా అన్నవాళ్లు ఉండరు కదా. తిన్న మేడం, మీరు తిన్నరా అందామె. జగిత్యాల వైపు పిల్లట. ఈవిడ ఆ రాత్రి సాంబారు రెండుసార్లు వేయించుకుంది.

మర్నెల జీతం రాగానే కట్టేస్తే, ఫోన్ రాలేదు. ముందే కట్టినవాళ్లకి గుర్తు చేసే పని ఉండదు మరి. అది తెలిశాక రత్నవేణి గారు కట్టడం వాయిదా వెయ్యడం మొదలుపెట్టింది. డబ్బు ఖాతాలోనే మూలుగుతుండేది. రజిత ఫోన్ చేస్తే, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులూ ఈవిడ జలుబూ మాట్లాడుకుని, పెట్టెయ్యగానే కట్టేసేది. ఈ తిక్క ఏమిటమ్మా అని నాకు అరవాలనిపించేది. ప్లాస్టిక్కుకి నోరెక్కడిది! పైగా నిజం చెప్పాలంటే ఆ నాలుగు మాటల కోసం నేనూ చూసేవాణ్ని.

ఏడాది నిండడానికి దగ్గర్లో ఓ నెల ఫోన్ రాలేదు. గడువు రోజు ఆవిడ కంచం ముందు ఫోన్ పెట్టుకు కూచుంది. గడువు దాటింది. పిల్లకి జ్వరమొచ్చిందేమో, రేపు చేస్తుందిలే అనుకుంది. ఆ రేపు కూడా పోయింది, వారం పోయింది. ఆఖరికి ఫోన్ మోగితే ఒక్క గుక్కలో తీసి, ఏమైపోయావే తల్లీ అంది. అటుపక్క రికార్డు చేసిన గొంతు. మీ చెల్లింపు గడువు ముగిసింది, అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. ఆవిడ దాన్ని కూడా చివరిదాకా విని, అప్పుడు కట్టింది.

అప్పు అడగడానికి వెళ్లిన రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుంది. నేను సంచిలో ఉన్నాను. ఉషశ్రీ గారు తెర చూసి నుదురు కొట్టుకున్నంత పని చేసింది. అన్ని నెలలూ చక్కగా ఉన్నాయి, మొన్నటిది ఒక్కటే మచ్చ. అదీ సరిగ్గా ఇప్పుడు.

"డబ్బు సర్దుబాటు కాలేదా అండీ?"

"ఉందండి, ఖాతాలోనే ఉంది."

"మరెందుకు కట్టలేదు?"

రత్నవేణి గారు సంచి కాడ నలిపింది.

"ఓ పిల్ల ఫోన్ చేసేదండీ. మాట్లాడేది. కట్టేస్తే చెయ్యదు కదా అని చూశాను."

ఉషశ్రీ గారు కంప్యూటర్ వైపు తిరిగింది గానీ అందులో ఏమీ కొట్టలేదు. మంచినీళ్లు తెప్పించింది. ఆ కారణం పై ఆఫీసుకి ఎలా పంపాలో ఆవిడకి తెలీదు. ఆ మచ్చ పాతబడేదాకా ఆగాలని మాత్రం మెల్లగా చెప్పింది. ఎంత మంచివాడైనా అపార్ట్‌మెంటు కట్టినాయన ఎన్నాళ్లని ఆగుతాడు? తూర్పు బాల్కనీ ఫ్లాటు ఎవరో కొత్తగా పెళ్లైనవాళ్లకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు, మర్నాడు పొద్దున్నే రక్తాలు తియ్యడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జీతం పడిన రోజే కట్టేసేది. ఫోన్ మోగేది కాదు. నెలలూ ఏళ్లూ అలాగే గడిచి, నా అంకెలు అరిగిపోయాక అప్పు మంజూరైంది. అదే అపార్ట్‌మెంట్లో వెనకవైపు, ఎదురుగా గోడ కనపడే ఫ్లాటు. పాలు పొంగించిన రోజున హాస్టల్ పిల్లలు ఇద్దరొచ్చి ఫొటోలు తీసి, బస్సు టైమైందని వెళ్లిపోయారు. మిగిలిన పరమాన్నం ఆవిడ మూడు పూటలు తింది.

నాకు కాలం తీరింది. నా బదులు కొత్తకార్డు ఆ కొత్త ఇంటికే వచ్చింది. తెచ్చిన అబ్బాయి, ఇంకోసారి మీరు లేకపోతే ఇవ్వడానికి ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అమ్మా అనడిగాడు.

"ఎవరూ లేరు బాబూ. నేనొక్కదాన్నే. ఇల్లు నాదే."

ఒక్కదాన్నే అన్న మాటా, నాదే అన్న మాటా ఆవిడ ఒకే గొంతుతో అంది. మజ్జిగ తాగి వెళ్లమంది. ఇంకా చాలా ఇళ్లు తిరగాలని అతను దిగి వెళ్లిపోయాడు. మెట్ల మీద చప్పుడు ఆగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

పాతకార్డు ముక్కలు చెయ్యమని కాగితంలో రాశారు. ఆవిడ కత్తెర తెచ్చి, ఓసారి బొటనవేలితో నన్ను తుడిచి, రెండుగా కోసింది. ఇప్పుడు కరివేపాకు రెమ్మల పక్కన చెత్తబుట్టలో ఉన్నాను. పొద్దున్న మునిసిపాలిటీ బండివాడు తడిచెత్తలో ప్లాస్టిక్ వేశారని ఆవిణ్ని కేకలేస్తాడు. వెయ్యనీండి, ఓ మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. బ్యాంకు దగ్గర రత్నవేణి గారి గురించి ఇప్పుడు చాలా చరిత్ర ఉంది. ఎప్పుడెప్పుడు కట్టిందో, ఏ నెల కట్టలేదో, అన్నీ ఉన్నాయి. ఆ నెల ఎందుకు కట్టలేదో ఎక్కడా లేదు.